ముప్పై ఏడేళ్ల ఫ్రెషర్

సి ల్యాబ్‌లో మొదటి ప్రోగ్రాం టైప్ చేసి రన్ కొట్టగానే స్క్రీన్ నిండా ఎర్రర్లు వస్తాయి. పక్క సిస్టమ్ దగ్గర కూర్చున్నవాడిది అప్పటికే అవుట్‌పుట్ వచ్చేసి ఉంటుంది. ఆ క్షణంలో దాదాపు అందరికీ వచ్చే అనుమానం ఒకటే: ఇది మనవల్ల అయ్యే పని కాదేమో. ఇంటర్‌లో ఎంపీసీ తప్ప వేరే లోకం చూడనివాళ్లకి, పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లకి ఆ అనుమానం ఇంకాస్త ఎక్కువ. ఆ ఎర్రర్లు చూపించేదాన్ని కంపైలర్ అంటారని మనకి మొదటి వారంలోనే చెప్పేస్తారు. అలాంటిది ఒకటి ఉండాలని పట్టుబట్టి, ఎవరూ నమ్మకపోయినా చేసి చూపించిన మనిషి కథ మాత్రం సిలబస్‌లో ఉండదు.

ఆమె పేరు గ్రేస్ హాపర్. కంప్యూటర్ ముందు మొదటిసారి నిలబడ్డ రోజు ఆమె కూడా మనలాగే బిత్తరపోయిన బిగినరే. అప్పటికి ఆమె వయసు 37 ఏళ్లు. చేతిలో గణితంలో పీహెచ్‌డీ, వెనక పన్నెండేళ్ల పాఠాలు చెప్పిన అనుభవం. అయినా ఆ రోజు అవేవీ నేరుగా అక్కరకి రాలేదు.

ఏడు గడియారాలు

గ్రేస్ 1906 డిసెంబర్ 9న న్యూయార్క్ నగరంలో పుట్టింది. తండ్రి వాల్టర్ మర్రే ఇన్సూరెన్స్ వ్యాపారంలో ఉండేవాడు. తల్లి మేరీకి లెక్కలంటే ప్రాణం. కానీ ఆ కాలంలో ఆడపిల్లలు పెద్ద లెక్కలు నేర్చుకోవడం మర్యాద కాదనేవాళ్లు. అందుకే ఆమె చదువు ప్రత్యేక అనుమతి మీద నేర్చుకున్న జామెట్రీ దగ్గరే ఆగిపోయింది. మేరీ తండ్రి, అంటే గ్రేస్ తాతయ్య, నగరపాలక సంస్థలో సివిల్ ఇంజనీరు. ఆయన వీధులు సర్వే చేయడానికి వెళ్తుంటే, ఎరుపు తెలుపు పట్టీల కర్ర పట్టుకుని చిన్నారి గ్రేస్ వెంట నడిచేది.

ఏడేళ్ల వయసులో ఆమెకి అలారం గడియారం లోపల ఏముందో చూడాలనిపించింది. ఒకటి విప్పింది, తిరిగి బిగించడం రాలేదు. అదెలా పనిచేస్తుందో చూద్దామని రెండోది విప్పింది. అలా ఇంట్లో ఉన్న ఏడు గడియారాలూ విప్పేసింది. తల్లి కొట్టలేదు, తిట్టలేదు. ఇకమీదట ఒక్క గడియారమే విప్పాలని హద్దు పెట్టింది, అంతే. విప్పొద్దు అనలేదు చూడండి, అదీ విశేషం.

చదువులో అన్నీ పూలబాట కాదు. వాసర్ కాలేజీలో చేరదామని పరీక్ష రాస్తే లాటిన్‌లో తప్పింది. ఏడాది ఆగి మళ్లీ రాసి సీటు తెచ్చుకుంది. 1928లో గణితం, భౌతికశాస్త్రాల్లో డిగ్రీ పూర్తిచేసి యేల్ విశ్వవిద్యాలయానికి వెళ్లింది. 1930లో ఎంఏ, 1934లో పీహెచ్‌డీ. 1930లోనే విన్సెంట్ హాపర్‌ని పెళ్లి చేసుకుంది. ఆ పెళ్లి 1945లో విడాకులతో ముగిసినా, ఇంటిపేరు మాత్రం జీవితాంతం ఆమెతోనే ఉండిపోయింది.

లెక్కల క్లాసులో వ్యాసాలు

1931 నుంచి ఆమె తను చదివిన వాసర్‌లోనే లెక్కల టీచర్. మన లిటరరీ క్లబ్ వాళ్లం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటి ఇక్కడుంది. ప్రాబబిలిటీ క్లాసులో మొదటి అసైన్‌మెంట్‌గా ఆమె స్టిర్లింగ్ ఫార్ములా మీద లెక్కలు ఇవ్వకుండా, దాని గురించి వ్యాసం రాసుకు రమ్మనేది. రాసింది దిద్ది, భాష బాగాలేకపోతే మళ్లీ రాయించేది. పిల్లలు గోల పెట్టేవాళ్లు: మేం చేరింది లెక్కల క్లాసులో, ఇంగ్లిష్ క్లాసులో కాదు కదా అని. ఆమె జవాబు సూటిగా ఉండేది. నేర్చుకున్నది ఇంకొకరికి చెప్పలేకపోతే ఆ లెక్క నేర్చుకుని లాభం లేదని.

తర్వాత నలభై ఏళ్లలో ఆమె చేసిన పెద్ద పనులన్నిటి వెనకా ఈ పట్టుదలే కనిపిస్తుంది. ఒకరికి తెలిసింది మరొకరికి అందాలి, దానికి సరైన భాష కావాలి. మనుషుల విషయంలో మొదలైన ఈ పట్టుదల తర్వాత మెషీన్ల దాకా వెళ్లింది.

అయిదు టన్నుల కొత్త దోస్తు

1941 డిసెంబర్‌లో పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగి అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగింది. గ్రేస్ ముత్తాత నౌకాదళంలో రియర్ అడ్మిరల్‌గా చేసినవాడు. తనూ నేవీలో చేరతానంది. అడ్డంకులు మూడు. వయసు ఎక్కువ. బరువు ఉండాల్సినదానికన్నా ఏడు కిలోల దాకా తక్కువ. పైగా లెక్కల ప్రొఫెసర్లు దేశానికి అవసరం కాబట్టి ఉద్యోగం వదలకూడదని ప్రభుత్వ నియమం. ఆమె ఊరుకోలేదు. బరువుకి మినహాయింపు తెచ్చుకుంది, కాలేజీ నుంచి సెలవు తెచ్చుకుంది. 1943 డిసెంబర్‌లో నేవీ మహిళా రిజర్వులో చేరింది. శిక్షణలో తన స్టూడెంట్ల వయసున్న అమ్మాయిల పక్కన కవాతు చేసి, బ్యాచ్‌లో ఫస్ట్ వచ్చింది.

1944 జులైలో పోస్టింగ్ వచ్చింది. ఓడ మీదికి కాదు, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక గదికి. అక్కడ ఉన్నది మార్క్ వన్. పొడవు పదిహేనున్నర మీటర్లు, ఎత్తు రెండున్నర మీటర్లకి దగ్గర, బరువు దాదాపు అయిదు టన్నులు. లోపల ఏడు లక్షలకి పైగా విడిభాగాలు, వందల కిలోమీటర్ల వైరు. ఒక కూడికకి సెకనులో మూడో వంతు, ఒక గుణకారానికి ఆరు సెకన్లు, భాగహారానికి పదిహేను సెకన్లు. ఈ రోజు మన జేబులో ఉన్న ఫోన్‌తో పోలిస్తే ఎడ్లబండి కూడా కాదు. కానీ అప్పట్లో అది అద్భుతమే.

దాన్ని తయారుచేసిన కమాండర్ హోవార్డ్ ఎయికెన్ చండశాసనుడు. పరిచయాలు, ఓరియంటేషన్ ప్రోగ్రాంలు ఏమీ లేవు. ఇన్నాళ్లూ ఎక్కడున్నావని అడిగి, మెషీన్ చూపించి, ఆర్క్‌టాంజెంట్‌కి, అంటే మన టాన్ ఇన్వర్స్‌కి, ఇంటర్‌పొలేషన్ కోఎఫిషియెంట్లు 23 అంకెల వరకు కట్టి తెమ్మన్నాడు. గడువు వచ్చే గురువారం. ఆమె అప్పటిదాకా కంప్యూటర్ ముఖం చూడలేదు. చూసే వీలూ లేదు, ఎందుకంటే అలాంటివి ప్రపంచంలో ఉన్నదే ఒకటో రెండో.

మనకైతే యూట్యూబ్ ఉంది, సీనియర్ల నోట్స్ ఉన్నాయి. ఆమెకి పుస్తకం లేదు, అసలు నేర్చుకోవడానికి భాషే లేదు. మార్క్ వన్‌కి చెప్పాల్సింది కాగితపు టేపు మీద చిల్లుల రూపంలో చెప్పాలి. ఒక్కో వరసలో 24 చిల్లులకి చోటు ఉంటుంది. వాటిని ఎనిమిదేసి చొప్పున మూడు భాగాలు చేసుకోవాలి. మొదటి భాగం అంకెని ఎక్కడి నుంచి తియ్యాలో చెప్తుంది, రెండోది ఎక్కడ పెట్టాలో, మూడోది ఏం చెయ్యాలో. ఒకే పని మళ్లీ మళ్లీ చేయించాలంటే టేపు రెండు కొసలూ కలిపి అంటించి గుండ్రంగా తిప్పేవాళ్లు. మనం ఫర్ లూప్ అని రాసుకునేది వాళ్లకి నిజంగా చేత్తో పట్టుకోగల లూపే అన్నమాట.

ఆమెకి దారి చూపించింది అక్కడ అప్పటికే పనిచేస్తున్న ఇద్దరు కుర్ర ఆఫీసర్లు, రిచర్డ్ బ్లాక్, రాబర్ట్ క్యాంప్‌బెల్. బ్లాక్ ఆమెకన్నా పదిహేనేళ్లు చిన్నవాడు. నెరిసిన జుట్టు టీచరమ్మ వస్తోందని తెలిసి, ఆమె పక్క డెస్కు నాకొద్దంటే నాకొద్దని వాళ్లు ముందే గొడవపడ్డారట. ఆ సంగతి తర్వాత తెలిసి ఆమె నవ్వుకుంది తప్ప పట్టించుకోలేదు. పీహెచ్‌డీ హోదా పక్కనపెట్టి, తన స్టూడెంట్ వయసు కుర్రాడి దగ్గర ఒక్కో కోడూ అడిగి నేర్చుకుంది. మార్క్ వన్‌కి మూడో ప్రోగ్రామర్‌గా లెక్కకెక్కింది.

రోజుకి అయిదు పేజీలు

కొన్నాళ్లకి ఎయికెన్ పిలిచి, ఈ మెషీన్ మీద పుస్తకం రాయమన్నాడు. నేనెప్పుడూ పుస్తకం రాయలేదంది. నువ్విప్పుడు నేవీలో ఉన్నావు అనేది ఆయన వాదన. ఇక తప్పదు. రోజూ రాసినదాంట్లోంచి అయిదు పేజీలు ఆయనకి చదివి వినిపించాలి. అలా తయారై 1946లో అచ్చయిన మాన్యువల్ 500 పేజీలు దాటింది. కంప్యూటర్‌ని ఎలా వాడాలో చెప్పే తొలి పుస్తకాల్లో అదొకటి. తనకి దొరకని పుస్తకాన్ని తన తర్వాత వచ్చేవాళ్లకోసం తనే రాసిపెట్టింది.

ఆ గదిలో చేసిన లెక్కలన్నీ ఎందుకో వాళ్లకి చెప్పేవాళ్లు కాదు. 1944లో జాన్ వాన్ న్యూమన్ ఒక క్లిష్టమైన సమస్య తెచ్చి మార్క్ వన్ మీద చేయించుకున్నాడు. గోళాన్ని అన్ని వైపుల నుంచీ లోపలికి నొక్కితే ఏమవుతుందనే లెక్క అది. నాగసాకి మీద పడ్డ బాంబు పనిచేసింది ఆ పద్ధతిలోనే. ఏ లెక్క కట్టామో అక్కడివాళ్లకి అర్థమైంది ఆ తర్వాతే. కోడ్ రాసేవాడికి అది దేనికి వాడతారో తెలియకపోవడమనే చిక్కు మన కాలంలో పుట్టింది కాదని ఇది చెప్తుంది.

ఇంకో చిన్న విషయం. పనిచేసిన టేపు ముక్కల కోడ్‌ని వాళ్లు పారేసేవాళ్లు కాదు, నోటుబుక్కుల్లో రాసిపెట్టుకునేవాళ్లు. ఒకరికి సైన్ విలువ కట్టే ముక్క కావాలంటే ఇంకొకరి నోటుబుక్కు అడిగి ఎక్కించుకునేవాళ్లు. మనం లైబ్రరీ ఫంక్షన్ అని పిలిచేదానికి పూర్వరూపం ఆ చేతిరాత నోట్సే.

పురుగు సంగతి

గ్రేస్ హాపర్ పేరు విన్నవాళ్లలో ఎక్కువమంది విన్నది బగ్ కథ. 1947 సెప్టెంబర్ 9న మార్క్ టూ అనే తర్వాతి మెషీన్ ఆగిపోయింది. విప్పి చూస్తే ఒక రిలేలో చిమ్మెట ఇరుక్కుని చచ్చిపోయి ఉంది. దాన్ని తీసి లాగ్ పుస్తకంలో టేపుతో అంటించి, బగ్ నిజంగానే దొరికిన మొదటి కేసు ఇదని సరదాగా రాశారు. ఆ పేజీ ఇప్పటికీ స్మిత్‌సోనియన్ సంస్థలో భద్రంగా ఉంది.

అయితే ఇంటర్నెట్‌లో తిరిగే పోస్టుల్లో ఉన్నట్టు బగ్ అనే మాట పుట్టింది అక్కడ కాదు. యంత్రాల్లో లోపాన్ని బగ్ అనడం ఎడిసన్ కాలం నుంచే ఉంది. ఉంది కాబట్టే ఆ లాగ్ పుస్తకంలో జోకు పండింది. ఆ పురుగుని పట్టింది కూడా గ్రేస్ కాదు, ఆమెతో పనిచేసిన ఆపరేటర్లు. ఆమె ఆ కథని ఊరూరా అందంగా చెప్పి ప్రసిద్ధం చేసింది. ఆమె గొప్పతనానికి ఈ పురుగు అవసరమేమీ లేదు లేండి, అసలు పని ముందుంది.

రెండోసారి బిగినర్

యుద్ధం అయ్యాక వాసర్ ఆమెని ప్రొఫెసర్‌గా వెనక్కి రమ్మంది. వెళ్లలేదు. హార్వర్డ్‌లో పరిశోధకురాలిగా ఉండిపోయింది. కానీ అక్కడ ఆడవాళ్లకి శాశ్వత ఉద్యోగం ఇచ్చే మాటే లేదు. 1949లో బయటికొచ్చి ఫిలడెల్ఫియాలో ఎకర్ట్-మాక్లీ అనే చిన్న కంపెనీలో చేరింది. యూనివాక్ అనే కంప్యూటర్ అమ్మాలని కిందామీదా పడుతున్న, డబ్బులకి కటకటలాడుతున్న స్టార్టప్ అది. మరుసటి ఏడాది రెమింగ్టన్ ర్యాండ్ దాన్ని కొనేసింది.

ఆ రోజులు ఆమె జీవితంలో బాగా చీకటి రోజులు. పెళ్లి విడిపోయింది, యుద్ధకాలం నాటి ఒత్తిడి పేరుకుంది, తాగుడు ఎక్కువైంది. పరిస్థితి చెయ్యి దాటుతోందని చూసి ఒక స్నేహితుడు ఆమెకి పెద్ద ఉత్తరం రాశాడు. పొగడ్తల మధ్య ఈ సంగతి చాలామంది దాటేస్తారు. కానీ ఇది చెప్పకపోతే ఆమె చేసింది ఎంత కష్టంలో చేసిందో తెలియదు. ఆమె తేరుకున్నది ఈ కాలంలోనే, కంపైలర్ పుట్టింది కూడా ఈ కాలంలోనే.

కొత్త కంపెనీలో మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. అక్కడి బైనాక్ అనే మెషీన్‌కి ఆక్టల్‌లో, అంటే ఎనిమిదో ఆధారంతో, కోడ్ రాయాలి. పట్టుదలగా ఆక్టల్‌లోనే కూడటం, తీసెయ్యడం, గుణించడం నేర్చేసుకుంది. కొన్నాళ్లకి ఆమె బ్యాంకు ఖాతా లెక్క తేలలేదు. ఎన్నిసార్లు చూసినా తప్పు దొరకదు. చివరికి బ్యాంకులో పనిచేసే తమ్ముడు కూర్చుని మొత్తం వెతికితే బయటపడింది: అక్కగారు అప్పుడప్పుడు చెక్కుబుక్కులో తీసివేతలు ఆక్టల్‌లో చేసేసింది!

ఈ సంఘటన ఆమెని ఆలోచనలో పడేసింది. మెషీన్‌కి తగ్గట్టు మనిషి తన బుర్రని వంచుకోవాలా? మనిషి మాటని మెషీనే తనకి కావలసిన రూపంలోకి మార్చుకోలేదా? అంకెలు మార్చడం, పట్టికలు చూడటం లాంటి విసుగు పనులకే కదా కంప్యూటర్ ఉన్నది!

చదువుకున్న కంప్యూటర్

నోటుబుక్కులోంచి కోడ్ ఎక్కించుకోవడంలో రెండు రకాల తప్పులు పదేపదే దొర్లేవి. మొదటిది కూడికలో. ఆ ముక్క నోటుబుక్కులో సున్నా నుంచి మొదలవుతుంది, మన ప్రోగ్రాంలో వేరే చోట పెడతాం. కాబట్టి అందులోని ప్రతి చిరునామాకీ ఒక అంకె కలపాలి. రెండోది ఎక్కించడంలో. బి అక్షరం కాస్తా 13 అయిపోయేది. మనుషులు సరిగ్గా కూడలేరు, సరిగ్గా కాపీ కొట్టలేరు. ఈ రెండు పనులూ మెషీన్ తప్పు లేకుండా చేస్తుంది. అలాంటప్పుడు ఈ పని దానికే ఎందుకు ఇవ్వకూడదు?

1951 చివర్లో మొదలుపెట్టి 1952 మే నాటికి ఆమె ఏ-జీరో పూర్తిచేసింది. పరీక్షించిన కోడ్ ముక్కలన్నిటికీ నంబర్లు ఇచ్చి మాగ్నెటిక్ టేపు మీద పెట్టింది. ప్రోగ్రామర్ చెయ్యాల్సిందల్లా ఏ నంబరు ముక్క, ఏ విలువలతో, ఏ వరసలో కావాలో రాయడమే. మెషీన్ టేపు వెతికి, ముక్కలు తెచ్చి, చిరునామాలు సరిచేసి, మొత్తం ప్రోగ్రాం కూర్చిపెడుతుంది. అలా సంకలనం చేస్తుంది కాబట్టే దానికి కంపైలర్ అని పేరు పెట్టింది. నిజానికి ఈ రోజు భాషలో చెప్పాలంటే అది లింకర్, లోడర్ చేసే పనికి దగ్గర. కానీ ప్రోగ్రాంని రాసిపెట్టే ప్రోగ్రాం అనే ఆలోచన చేతలోకి వచ్చింది అక్కడే.

ఇందులో ఓ ముచ్చటైన చిక్కు ఉంది. టేపు ముందుకే నడుస్తుంది, ప్రోగ్రాం ఒక్క విడతలోనే తయారవ్వాలి. కోడ్‌లో వెనక్కి జంప్ ఉంటే పర్వాలేదు, ఆ చోటు ఎక్కడుందో తెలుసు. ముందుకి జంప్ ఉంటే? ఆ చోటు ఇంకా పుట్టనే లేదు. గ్రేస్‌కి కాలేజీలో ఆడిన బాస్కెట్‌బాల్ గుర్తొచ్చింది. మన జట్టు అమ్మాయి ఇంకా బుట్ట దగ్గరికి చేరకపోతే, మధ్యలో ఒకరికి బంతి అందించి, ఆమె చేరాక అక్కడి నుంచి పాస్ చేయిస్తాం కదా. అలాగే మెమరీ చివర ఒక మూల కేటాయించింది. ముందుకి పోవాల్సిన జంప్ ముందు ఆ మూలకి వెళ్తుంది. అసలు చోటు తయారయ్యాక, ఆ మూల నుంచి అక్కడికి ఇంకో జంప్ రాసేస్తారు. కంపైలర్ డిజైన్ సబ్జెక్టులో బ్యాక్‌ప్యాచింగ్ చదివేటప్పుడు ఈ బంతిని తలుచుకోండి, పరీక్షలో మర్చిపోరు.

మరి లోకం ఏమంది? ఎవరూ నమ్మలేదు. కంప్యూటర్ లెక్కలు చేస్తుంది గానీ ప్రోగ్రాంలు ఎలా రాస్తుందన్నారు. పనిచేసే కంపైలర్ ఎదురుగా ఉన్నా చాలాకాలం దాన్ని ముట్టుకున్నవాళ్లు లేరు. కోడ్ రాయడం తమకే తెలిసిన విద్య అనుకున్న ప్రోగ్రామర్లకి, అది అందరికీ అందడం పెద్దగా రుచించలేదు కూడా. ఆమె వాదనలో పడి టైమ్ వేస్ట్ చేసుకోలేదు. మెరుగైన ఏ-టూని 1953లో యూనివాక్ కొన్నవాళ్లకి కోడ్‌తో సహా పంచి, మీరేమైనా బాగుచేస్తే మాకూ పంపండని అడిగింది. ఓపెన్ సోర్స్ అనే పేరు పుట్టడానికి నలభై ఏళ్లకి పైగా ముందు మాట ఇది.

ఫ్రెంచి మాట్లాడిన యూనివాక్

తర్వాతి అడుగు ఇంకా పెద్దది. లెక్కలవాళ్లకి గుర్తులు, సమీకరణాలు ఇష్టం. కానీ కంప్యూటర్ కొనేది బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలు, గోదాములు. అక్కడి గుమస్తాలకి ఎక్స్, వై చూస్తే చిరాకు. వాళ్లకి స్టాకు, ధర, జీతం లాంటి మాటలు కావాలి. అందుకని ఇంగ్లిష్ మాటలతోనే ప్రోగ్రాం రాసే భాష చేద్దామని ఆమె 1955లో పై అధికారుల ముందు పెట్టింది. ఒక చిన్న ప్రోగ్రాం ఇంగ్లిష్‌లో నడిపి చూపించింది. ఆ ఊపులో, అదే ప్రోగ్రాంని ఫ్రెంచిలో, జర్మన్‌లో కూడా రాసి చూపించింది.

అక్కడే కొంప మునిగినంత పనైంది. ఫిలడెల్ఫియాలో తయారైన అమెరికన్ కంప్యూటర్‌కి ఫ్రెంచి, జర్మన్ ఎలా అర్థమవుతాయని పెద్దలు కంగారుపడ్డారు. ఇంగ్లిష్ తప్ప ఇంకేదీ పెట్టబోమని ఆమె టీం మాట ఇచ్చి సర్దిచెప్పడానికి నెలలు పట్టింది. ఆమెకి మాత్రం విషయం చాలా తేలిక. మెషీన్‌కి ఏ మాటైనా కొన్ని బిట్ల వరసే. తెలుగులో కలుపు అని రాస్తే, కూడికా లేక పొలంలో గడ్డా అని అది అడగదు. ఆ మాటకి మనం ఏ పని ముడిపెట్టామో ఆ పని చేస్తుంది, అంతే. ప్రోగ్రామింగ్ అంటే ఇంగ్లిష్ బాగా రావాలేమో అని జంకేవాళ్లు ఈ సంగతి గట్టిగా పట్టుకోవాలి. ఇఫ్, వైల్, రిటర్న్ అనేవి భాషగా కన్నా గుర్తులుగా పనిచేస్తాయి. అవి ఓ ముప్పై నలభై ఉంటాయి, వాడుతుంటే పది రోజుల్లో చేతికి అలవాటవుతాయి.

ఆ భాషే ఫ్లో-మాటిక్ అయింది. 1959 మే నెలలో పెంటగాన్‌లో నలభైమంది దాకా కూర్చుని, ఏ కంపెనీ కంప్యూటర్ మీదైనా నడిచే ఒక వ్యాపార భాష కావాలని తీర్మానించారు. కమిటీ వేసుకుని తయారుచేసిన ఆ భాష కోబాల్. దాన్ని రాసింది గ్రేస్ ఒక్కతే అనడం తప్పు. జీన్ సామెట్ లాంటి వాళ్లు ఆ కమిటీలో పగలూ రాత్రీ పనిచేశారు. గ్రేస్ సలహాదారుగా ఉంది. అయితే కోబాల్‌కి పునాది ఎక్కువగా ఫ్లో-మాటిక్ నుంచే వచ్చింది. 1960 డిసెంబర్‌లో ఒకే కోబాల్ ప్రోగ్రాం రెండు వేర్వేరు కంపెనీల మెషీన్ల మీద నడిచింది. మెషీన్ మారినప్పుడల్లా ప్రోగ్రాం మళ్లీ మొదటి నుంచి రాసుకునే రోజుల్లో అది చిన్న విషయం కాదు.

కోబాల్‌ని తిట్టినవాళ్లూ చాలామందే. చాంతాడంత వాక్యాలని, ఆలోచనా పద్ధతిని పాడుచేస్తుందని పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే అన్నారు. అందులో కొంత నిజం ఉంది. మాటలు ఇంగ్లిష్‌లా ఉన్నంత మాత్రాన ఆలోచించే శ్రమ తప్పదు, లాజిక్ మనమే కట్టుకోవాలి. అయినా ఆ భాష బతికింది, బతికించింది కూడా. 1990ల చివర్లో రెండువేల సంవత్సరం తేదీ సమస్య వచ్చినప్పుడు, పాత కోబాల్ ప్రోగ్రాంలు సరిచెయ్యడానికి మనుషులు కావలసి వచ్చారు. అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్లలో మెయిన్‌ఫ్రేమ్ కోర్సులు నేర్చుకుని విమానం ఎక్కిన తెలుగువాళ్లలో ఎంతోమందికి మొదటి జీతం ఆ భాషే ఇచ్చింది. వాళ్లలో చాలామంది కంప్యూటర్ డిగ్రీ లేనివాళ్లే. గుమస్తాకి అర్థం కావాలని చేసిన భాష, సివిల్, మెకానికల్ చదివినవాళ్లకీ దారి ఇచ్చింది.

చేతిలో నానోసెకను

1966 చివర్లో, అరవై ఏళ్లకి, నేవీ రిజర్వు నుంచి ఆమెని రిటైర్ చేశారు. అదే తన జీవితంలో బాధాకరమైన రోజని ఆమె తర్వాత చెప్పుకుంది. ఏడు నెలలు తిరిగాయో లేదో, నేవీలో ఒక్కో చోట ఒక్కో రకం కోబాల్ తయారై గందరగోళమైంది. ఆరు నెలల పని అని 1967 ఆగస్టులో వెనక్కి పిలిచారు. ఆ ఆరు నెలలు పందొమ్మిదేళ్లు సాగాయి. 1985లో రియర్ అడ్మిరల్ అయింది. 1986 ఆగస్టులో, 79 ఏళ్ల వయసులో రిటైరయ్యేనాటికి అమెరికా సైన్యంలో డ్యూటీలో ఉన్న అందరికన్నా పెద్ద వయసు ఆఫీసర్ ఆమే. ఇంట్లో కూర్చుందా అంటే అదీ లేదు, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో సలహాదారుగా చేరింది.

ఈ ఏళ్లలో ఆమె ఎక్కువగా చేసింది కుర్రాళ్లకి ఉపన్యాసాలు. వెళ్లిన ప్రతిచోటా అడుగుకి రవ్వంత తక్కువ పొడవున్న వైరు ముక్కలు పంచేది. ఒక నానోసెకనులో కాంతి గాని, విద్యుత్ సంకేతం గాని అంతకన్నా దూరం పోలేదు. పక్కనే మైక్రోసెకను అని దాదాపు 300 మీటర్ల చుట్ట చూపించేది. ఉపగ్రహం నుంచి సందేశం రావడానికి అంత ఆలస్యం ఎందుకని అడిగే అడ్మిరల్‌కీ, కాలాన్ని వృథా చేసే ప్రోగ్రామర్‌కీ అదే పాఠం. ఆఫీసు గోడ మీద గడియారం వెనక్కి తిరిగేది. ఎప్పుడూ ఇలాగే చేశాం అనే మాట ఆమెకి గిట్టదు, ఆ గడియారం దానికి జవాబు. వెనక్కి తిరిగినా టైమ్ సరిగ్గానే చూపించేది మరి.

1992 జనవరి 1న, 85 ఏళ్ల వయసులో, వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో ఆమె కన్నుమూసింది. ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో సైనిక లాంఛనాలతో ఖననం చేశారు. తర్వాత ఒక యుద్ధనౌకకి ఆమె పేరు పెట్టారు. 2016లో అమెరికా అత్యున్నత పౌర పురస్కారం ఇచ్చారు.

మొదలుపెట్టేవాళ్లకి

ఇప్పుడు మనలో చాలామందికి ఉన్న సందేహం ఏ లాంగ్వేజ్‌తో మొదలుపెట్టాలని. సి ముందా, పైథాన్ ముందా, ఏఐ కోడ్ రాసిస్తుంటే అసలు నేర్చుకోవాలా అని హాస్టల్లో అర్ధరాత్రి దాకా చర్చలు. గ్రేస్ హాపర్ జీవితం ఈ ప్రశ్నకి నేరుగా జవాబు ఇవ్వదు. కానీ ఆమె చేసిన కొన్ని పనులు మనమూ చెయ్యొచ్చు.

ఒకటి, తెలిసినవాడు వయసులో చిన్నైనా వాడి పక్కన కూర్చుని అడగడం. రెండు, పనిచేసిన ప్రతి చిన్న ప్రోగ్రాంనీ దాచుకోవడం, అడిగినవాళ్లకి ఇవ్వడం. మూడు, నేర్చుకున్నదాన్ని సొంత మాటల్లో ఒక పేజీ రాయడం. పాయింటర్ అంటే ఏంటో తెలుగులో మీ చెల్లెలికి అర్థమయ్యేలా రాయగలిగితే మీకు పాయింటర్ వచ్చినట్టే. రాయలేకపోతే ఎక్కడ ఆగిపోయారో అక్కడే సందేహం ఉందని తెలుస్తుంది. నాలుగు, ఏఐ ఇచ్చిన కోడ్ అయినా సరే విప్పి చూడటం. ఏ-జీరో వచ్చినప్పుడు ఇది అసలు ప్రోగ్రామింగే కాదన్నవాళ్లున్నారు. పనిముట్టు మారినప్పుడల్లా ఆ మాట వినిపిస్తూనే ఉంటుంది. కానీ ఆమె కంపైలర్ చెయ్యగలిగింది టేపు మీద చిల్లుల స్థాయి నుంచి మెషీన్ తెలిసి ఉండటం వల్లే.

ఒకేసారి ఏడూ విప్పాల్సిన పనిలేదు. వాళ్లమ్మ చెప్పినట్టు ఈ వారానికి ఒక్క గడియారం చాలు. పది లైన్ల ప్రోగ్రాం ఒకటి తీసుకుని, ఒక్కో లైను తీసేస్తే ఏమవుతుందో, మారిస్తే ఏమవుతుందో చూడండి. ఎర్రర్ వస్తే కంగారుపడకండి. అది చెప్పేది ఏంటో, ఎన్నో లైన్లో ఉందో నిదానంగా చదవండి. మార్క్ వన్ దగ్గర ఆమెకి అలా చెప్పే దిక్కు కూడా లేదు.